5 హెచ్‌పీ బోరు మోటార్: 415 × 8 లెక్క ఎక్కడ తప్పింది

మీ లెక్కలో 1.732 పోయింది. 415 వోల్టులు × 8 ఆంపియర్లు = 3,320 వాట్లు అని వేసి, 5 హెచ్‌పీ అంటే 3,730 వాట్లు కదా, తక్కువెట్ల వచ్చిందని అడిగారు. త్రీ ఫేజ్ మోటార్‌కు అది చాలదు, 1.732 (మూడు వర్గమూలం)తో కూడా గుణించాలి.

1. మోటార్ నడుస్తుండగా స్టార్టర్ దగ్గర రెండు ఫేజుల మధ్య వోల్టేజీ చూడండి. నర్సంపేట దిక్కు పొలాల లైన్లైనా, ఎక్కడైనా 415 ఉందనుకొని లెక్కేయొద్దు.
2. ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటర్‌లో ఒక్క వైరే పెట్టండి. మూడూ కలిపి పెడితే సున్నా దగ్గరే చూపిస్తది.
3. మీ అంకెలతోనే వేస్తే 1.732 × 415 × 8 = 5,750 వీఏ (వోల్ట్-ఆంపియర్లు). పవర్ ఫ్యాక్టర్ (వీఏలో నిజంగా వాట్లయ్యే వంతు) 0.8 అనుకుంటే 4,600 వాట్లు. మోటార్ ప్లేటు మీది 5 హెచ్‌పీ షాఫ్ట్ దగ్గర బయటికొచ్చే పవర్, ఇది మోటార్ లైన్ నుంచి తీసుకునేది, అందుకే ఎక్కువ.

415 ÷ 8 = 52 ఓమ్‌లు రావాలి, మీటర్‌లో మాత్రం వైండింగ్ (మోటార్ లోపలి తీగచుట్ట) 4 ఓమ్‌లే చూపిస్తోందని కూడా అడిగారు, దానికి భయపడకండి. ఏసీలో ఈ భాగహారంతో వైండింగ్ నిరోధం రాదు. మెయిన్ ఆపి, స్టార్టర్ దగ్గర మోటార్ వైర్లు విప్పి మూడు జతలూ కొలవండి. మూడూ సమానంగా ఉంటే 4 అనేది మామూలే. ఎర్త్ లీకేజీ మాత్రం మెగ్గర్‌తోనే (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) తెలుస్తది.