మనసు చెప్పింది సరే, ఆ మనసుకు చెరువు తెలుసా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. భీమవరం దగ్గర నా చిన్ననాటి స్నేహితుడు నాలుగెకరాల రొయ్యల చెరువులు లీజుకు తీసుకుంటూ, సగం వాటాకు రమ్మంటున్నాడు. లీజు, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు, జనరేటర్, మొదటి పంట ఖర్చు కలిపి నా వంతు 18 లక్షలు. నేను దాచుకున్నది మొత్తం 22 లక్షలు. ఉద్యోగం మానేసి వెళ్లిపొమ్మని మనసు గట్టిగా చెబుతోంది. నాన్నగారేమో అది జూదమంటున్నారు. లెక్కలు వేసుకుంటూ కూర్చునేది ధైర్యం లేనివాళ్లేనని స్నేహితుడు అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నాన్నగారి మాటలో సగం నిజముంది. జూదంలో ఎన్నేళ్ల అనుభవమున్నా పాచిక మన మాట వినదు; రొయ్యల సాగులో అనుభవానికి కచ్చితంగా విలువుంది. చిక్కల్లా ఆ అనుభవం ఇంకా మీది కాకపోవడమే.

బ్యాంకులో వ్యవసాయ రుణాలు చూసే రోజుల్లో ఒకసారి ఒక పెద్ద రైతు వెంట చెరువు గట్టు మీద నడిచాను. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసేందుకు నీటిలో ఉంచే చెక్ ట్రేను ఆయన పైకి లాగి, అందులో మిగిలిన మేతను వేలితో కదిపి, ఒక రొయ్యను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, ‘ఈ పూట మేత ఆపండిరా’ అని పనివాళ్లకు చెప్పారు. ఎందుకని అడిగితే ‘ఎందుకోనండి, మనసుకు బాగా లేదు’ అన్నారు. తరిచి అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చాయి: రెండు గంటల్లో ఖాళీ కావలసిన ట్రేలో మేత మిగిలింది, రొయ్య వీపు మీది పేగు గీత మధ్యలో తెగి కనిపించింది, నీటి రంగు నిన్నటిలా లేదు. ఆయన మనసు అని పిలిచింది, ఏళ్ల తరబడి అలా ట్రేలు లాగి చూసిన పొద్దుటిపూటల మొత్తం.

మనస్తత్వ శాస్త్రవేత్తల్లో డేనియల్ కానెమన్ ఈ మనసు మాటను, అంటే అంతర్బుద్ధిని, అనుమానించేవారు. గ్యారీ క్లైన్ అగ్నిమాపక సిబ్బందిని ఏళ్ల తరబడి పరిశీలించి దాన్ని మెచ్చుకునేవారు. ఈ ఇద్దరూ 2009లో కలిసి రాసినప్పుడు ఒక విషయంలో ఏకీభవించారు. పనిలో ఒక క్రమం ఉండి, మన అంచనా తప్పో ఒప్పో త్వరగా, పదేపదే తెలిసే చోట మాత్రమే అంతర్బుద్ధిని నమ్మవచ్చు. ఆ లెక్కన, ఒక ప్రాజెక్టు గడువుకు పూర్తవుతుందో లేదో మీ మనసు చెబితే నేను నమ్ముతాను. చెరువు సంగతి చెబితే మాత్రం అది మనసు మాట కాదు, ఉద్యోగం మీది విసుగు మాట్లాడుతోందేమోనని అనుమానిస్తాను. కటువుగా అన్నందుకు ఏమీ అనుకోకండి.

ఇక స్నేహితుడి మాట. లెక్కకూ ధైర్యానికీ వైరం లేదు. చెరువులోని నాచు రాత్రంతా ఆక్సిజన్ తీసుకుంటుందే తప్ప ఇవ్వదు గనుక, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. దట్టంగా రొయ్య పిల్ల వేసిన చెరువులో ఆ వేళ ఏరియేటర్లు ఆగితే గంటల్లోనే సరుకు పోవచ్చు. అందుకే డీజిల్ నింపిన జనరేటర్ పక్కనే మంచం వేసుకుని పడుకునే రైతును పిరికివాడని ఎవరూ అనరు. పిల్లకు తెగులు ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించడమూ, పక్క చెరువులో జబ్బు కనిపిస్తే ఆ కాలువ నీరు తోడకపోవడమూ అలాంటివే.

ఇంతా చేసినా చేతిలో లేనివి ఉంటాయి. 1994లో తెల్లమచ్చ తెగులు కోస్తాలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టినప్పుడు మంచి రైతు, చెడ్డ రైతు అని చూడలేదు. 2009లో వనామీ అనే మరో రకం రొయ్యకు అనుమతి వచ్చాక సాగు మళ్లీ పుంజుకుంది గానీ ఆ తెగులు ఎక్కడికీ పోలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకం 50 శాతానికి పెంచుతుందని ఏ చెక్ ట్రే చెబుతుంది? ధర బాగున్న ఏడాది, చెరువు నిండితే కప్పలు చేరినట్టు అందరూ దిగుతారు. మీకు పిలుపు వచ్చినది అలాంటి ఏడాదేమో ఒకసారి కనుక్కోండి.

కాబట్టి ఒక పంట ఎంత లాభమిస్తుందని కాకుండా, వరుసగా రెండు పంటలు పోతే మీరు ఎక్కడ నిలబడతారని అడగండి. 22లో 18 లక్షలు ఒకేసారి పెడితే, మొదటి పంట పోగానే మీ కథ ముగుస్తుంది. నేర్చుకున్న పాఠం వాడుకోవడానికి రెండో పంట ఉండదు. ఉద్యోగంలో ఉంటూనే ఒక ఎకరం చెరువులో నాలుగు లక్షల వాటాతో మొదలుపెట్టండి. దాదాపు నాలుగు నెలల పంటలో సెలవులన్నీ గట్టు మీదే గడపండి. ట్రే మీరే లాగండి, మీ అంచనాను ముందు నోటు పుస్తకంలో రాసి, ఆ తరువాతే స్నేహితుడిని అడగండి. పట్టుబడి రోజున ఎంత కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) వస్తుందో కూడా ముందే రాసి పెట్టండి. ఈ ఏర్పాటుకు ఆయన ఒప్పుకోకపోతే, నాకైతే ఆ భాగస్వామ్యం మీదే సందేహం కలుగుతుంది.

ప్రశ్న: కరీంనగర్‌లో తొమ్మిదేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. మెయిన్ రోడ్డు మీద రెండో షాపుకు మంచి చోటు దొరికింది. అద్దె అందుబాటులోనే ఉంది, లెక్కలన్నీ కుదిరాయి, ఇంట్లో అందరూ తీసుకోమంటున్నారు. నాకే ఎందుకో మనసొప్పడం లేదు. ఇది భయమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: కాకపోవచ్చునమ్మా. పై పాఠకుడికి ఇచ్చిన సలహా మీకు తిరగబడుతుంది. ఏ రోజు ఏ కూర ఎంత వండాలో పొద్దున అంచనా వేసి, రాత్రికి గిన్నెలు చూసి తప్పొప్పులు తెలుసుకుంటూ తొమ్మిదేళ్లు గడిపారు. ఆ మనసు ఏదో గమనించే ఉంటుంది, దాని పేరే ఇంకా మీకు అందలేదు. జనం ఆఫీసుల నుంచి ఇళ్లకు మళ్లే దారి రోడ్డుకు అవతలి పక్కన ఉందేమో, బండి ఆపుకునే చోటు లేదేమో. ఒక పనిరోజు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఆ షాపు ముందు నిలబడి, చేతిలో సంచితో ఆగేవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. అదే లెక్క మరునాడు మీ పాత షాపు ముందు వేయండి. అప్పటిదాకా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.