జత కలిపేది జాలకమేనా?

ప్రశ్న: స్ఫటిక జాలకం కంపనాలవల్లే ఎలక్ట్రాన్లు జతపడి అతివాహకత్వం (నిరోధమే లేకుండా విద్యుత్తు పారడం) వస్తుందని మా పుస్తకంలో ఉంది. రాగి ఆక్సైడ్లలో ఆ కంపనాలకు పనేమీ లేదని మా సార్ అంటారు. ఏది రాయాలి?
– బీఎస్సీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయమ్మా, మార్కులు పోగొట్టుకోవద్దు. అసలు సంగతి మాత్రం అంత తేలిగ్గా తెగేది కాదు.

1950లో పాదరసం ఐసోటోపులతో (ఒకే మూలకంలో వేర్వేరు బరువుల పరమాణువులతో) కొలిచి చూశారు. సగటు పరమాణు భారం 199.5 నుంచి 203.4కి పెరిగితే, అతివాహకత్వం మొదలయ్యే సందిగ్ధ ఉష్ణోగ్రత 4.185 కెల్విన్ నుంచి 4.146కి దిగింది. బరువైన పరమాణువు నిదానంగా ఊగుతుంది మరి, అంటే జాలకం కంపనాలకు ఇందులో పాత్ర ఉందన్నమాట. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ కారణం తేల్చారు. మా కర్నూలు నల్లరేగడిలో వాన వెలిశాక ముందు పోయిన బండి గాడి పడేస్తుంది. అది పూడేలోపు వెనక బండి చక్రం అందులోకే జారుతుంది. అలాగే ముందరి ఎలక్ట్రాన్ ధన అయాన్లను కాస్త లాగి వెళ్ళిపోతుంది. బరువైనవి కదా, వెంటనే సర్దుకోలేవు. అక్కడికి రెండోది చేరేసరికి మొదటిది దూరంగా ఉంటుంది కాబట్టి వికర్షణ పెద్దగా అడ్డురాదు. కిటుకంతా ఈ ఆలస్యంలోనే ఉంది. నేను పాఠం చెప్పిన రోజుల్లో దీన్ని దాటేసే గైడులే ఎక్కువ!

ఇక మీ సార్ వాదన. 1987లో వచ్చిన యిట్రియం బేరియం రాగి ఆక్సైడ్ 93 కెల్విన్ దగ్గరే అతివాహకమవుతుంది. అందులో ఆక్సిజన్-16 తీసి 18 పెట్టినా ఒక్క కెల్విన్ కూడా తగ్గదు. పైగా అక్కడి జత డి-తరంగం, దిక్కు మారితే గుర్తు మారుతుంది. ఎలక్ట్రాన్లను చిన్న అయస్కాంతాల్లా చేసే స్పిన్‌ల మధ్య చర్యే ప్రధానమని ఎక్కువమంది నమ్మకం, నాదీ అదే.

అయితే యిట్రియం బదులు ప్రసియోడిమియం కొంత చేర్చి ఆ ఉష్ణోగ్రతను దించుతూ పోతే, ఐసోటోప్ ప్రభావం, అంటే పరమాణు భారం మారితే ఈ ఉష్ణోగ్రత మారడం, పెరుగుతుంది. దానికి వేరే వివరణలూ ఉన్నాయనుకో. రాగి లేని మరో అతివాహకం ఐరన్ సెలినైడ్ సంగతి ఇంకా విచిత్రం. ముద్దగా ఉంటే 8 కెల్విన్. 2012లో స్ట్రాంషియం టైటనేట్ మీద ఒక్క పొరగా పరిస్తే 60 దాటాక కూడా జతల జాడ కనిపించింది. కింది పలకలోని ఆక్సిజన్ కంపనాలు పై పొర ఎలక్ట్రాన్లతో ముడిపడ్డ గుర్తులు 2014లో దొరికాయి.

కంపనాలన్నీ ఒక తీరువి కావు. ఎలక్ట్రాన్ దిశను కొద్దిగా మళ్ళించేవి డి-జతకు తోడ్పడతాయి, బాగా తిప్పేసేవి చెరుపు చేస్తాయి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే మొత్తం ప్రభావం చిన్నదిగానే తేలవచ్చు. అందుకే "పనేమీ లేదు" అన్న మాటకు నేను ఒప్పుకోను. 93 కెల్విన్ కొలత పక్కనే ప్రసియోడిమియం కొలతలు కూడా బోర్డు మీద వేయమని మీ సార్‌ను అడుగు.