ఇంటికి వంద చాలు

అమ్మా, ఒడిశాలోని రాయగడ వచ్చి ఆర్నెల్లు కాకుండానే కాలనీ పిల్లలందరిచేతా కూరమడులు వేయించాలనుకోవడం బావుంది. మీరు రాసిన ఖర్చు చూస్తేనే గుండె జారింది. పన్నెండు ఇళ్లకి అన్ని కుండీలు, నర్సరీ మొక్కలు ఎందుకు? ఇంటికి వంద వసూలు చేసి పుస్తకంలో రాయండి, దాటొద్దు. అనుమతి సంగతి స్థలం ఎవరిదో వాళ్లనే అడగండి.

డబ్బు పెట్టాల్సింది ఎరువుకి. ఇది మీ గుంటూరు నల్లరేగడి కాదు. ఎర్రనేల నీళ్లు నిలపదు, తడిసి ఆరితే పైన పెచ్చు కడుతుంది. తోటకూర మొలక ఆ పెచ్చుని చీల్చుకు రాలేదు. కొత్తవాళ్లు విత్తనం పుచ్చిందనుకుని మళ్లీ ప్యాకెట్లు కొంటారు. మేమూ కొన్నాం లెండి.

మడి పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. అంతకన్నా వెడల్పయితే పిల్లల చేతులు నడిమికి అందవు, లోపలికి దిగి తొక్కేస్తారు. జానెడు లోతు తవ్వి, రెండు తట్టల చివికిన పశువుల ఎరువు కలపండి. అది నల్లగా, పొడిపొడిగా, మట్టివాసనతో ఉండాలి. పచ్చిపేడకి చెదలొస్తాయి. జూన్ వానలు మొదలయ్యాకయితే మడిని అరడుగు ఎత్తు లేపాలి. మట్టి పిడికిట్లో ఉండ కట్టి, వేలితో తడితే విడిపోవాలి. వేలికి అంటుకుంటే ఆ రోజు తవ్వడం మానేయండి.

అరచెంచా తోటకూర గింజలు దోసెడు ఇసుకలో కలిపి చల్లించండి, లేకపోతే అన్నీ ఒక్కచోటే పడతాయి. పైన పలచగా మట్టి, దానిమీద ఎండుగడ్డి. మొలకలు కనపడ్డ సాయంత్రమే గడ్డి తీసెయ్యాలి. చుట్టూ బూడిద చల్లితే చీమలు కొంత తగ్గుతాయి. బెండగింజలు రాత్రి నానబెట్టి, అడుక్కో గుంటలో రెండేసి, అంగుళం లోతున.

మెంతులు వంటింట్లోవే. పది గింజలు తడిగుడ్డలో మూడు రోజులుంచి చూడండి, ఏడు మొలిస్తే విత్తడానికి పనికొస్తాయి. ఎదురింటి ఒడియా వాళ్ల 'పొయి' మన బచ్చలే. తీగముక్క అడగండి, రెండు కణుపులు మట్టిలో ఉంటే బతుకుతుంది. పైసా ఖర్చుండదు, పలకరింపూ కలుస్తుంది.

చెంబుతో పోయనివ్వొద్దు, గింజలు కొట్టుకుపోతాయి. పాత సీసా మూతకి సూదితో బెజ్జాలు పెట్టండి. పొద్దుటికొక పిల్లాడి వంతు. అందరూ పోస్తే మొలకలు మొదట్లోనే కుళ్లి పడిపోతాయి.

తోటకూర పాతిక రోజులకి కోతకొస్తుంది. వేరుతో సహా పీకొద్దు. నాలుగు వేళ్ల మోడు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది, రెండో ప్యాకెట్ డబ్బు మిగులుతుంది.