ఆరు సైట్లు, ఒకే కోడ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేం ఆరు చిన్న వెబ్‌సైట్లు నడుపుతున్నాం. రెండు బడులవి, మూడు దుకాణాలవి, ఒకటి స్థానిక వార్తలది. అన్నీ పీహెచ్‌పీ భాషలో రాసినవే. ఒకదాని కోడ్ కాపీ చేసి ఇంకొకటి మొదలుపెడుతూ వచ్చాం. ఇప్పుడు ఒక్క తప్పు దిద్దాలన్నా ఆరుచోట్లా దిద్దాలి. సొంత ఫ్రేమ్‌వర్క్ (అన్ని సైట్లకీ పునాదిగా వాడే ఉమ్మడి కోడ్) రాసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రాసుకోండి, కానీ అన్నీ మీరే రాయకండి. మీరు రాయాల్సినవి మూడే: వచ్చిన రిక్వెస్టు ఏ సైటుదో గుర్తించడం, ఆ సైటు సెట్టింగులు తెరవడం, సరైన పేజీకి పంపడం. యూఆర్ఎల్ రూటింగ్‌కి (ఏ చిరునామాకి ఏ కోడ్ నడవాలో తేల్చడానికి) ఫాస్ట్‌రూట్, టెంప్లేట్లకి (పేజీల అచ్చులకి) ట్విగ్ అనే లైబ్రరీలను, పీహెచ్‌పీ లైబ్రరీలు తెచ్చిపెట్టే కంపోజర్‌తో తెచ్చుకోండి. డేటాబేస్‌తో మాట్లాడడానికి పీహెచ్‌పీలోని పీడీఓ చాలు. పాస్‌వర్డులు దాచే పని పీహెచ్‌పీలో ఉన్న పాస్‌వర్డ్ హ్యాష్ ఫంక్షన్‌కే వదిలేయండి. అక్కడ సొంత ప్రయోగాలు వద్దు.

ఫోల్డర్లు మూడు పెట్టుకోండి: కోర్ (ఉమ్మడి కోడ్), సైట్స్, పబ్లిక్. వెబ్ సర్వర్‌కి పబ్లిక్ ఒక్కటే కనిపించాలి. ఈ మూడూ ఉన్న పై ఫోల్డర్‌ని చూపిస్తే డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న సెట్టింగుల ఫైలు ఎవరైనా దించుకునే వీలుంటుంది. సైట్స్‌లో ఒక్కో సైటుకి ఒక్కో ఫోల్డర్, అందులో దాని సెట్టింగులు, టెంప్లేట్లు. ట్విగ్‌కి రెండు దారులివ్వండి, ముందు సైటుది, తర్వాత కోర్‌ది. సైటులో ఆ టెంప్లేట్ లేకపోతే కోర్‌లోది తీసుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది: కోర్‌లో ఏ సైటు పేరూ ఉండకూడదు. ‘ఇది బడి సైటైతే ఫీజు బటన్ చూపించు’ అనే షరతు ఒకటి చేరిందంటే, నెల తిరిగేసరికి అలాంటివి పది చేరతాయి. కాపీ కోడ్ కష్టమే మళ్లీ ఒకే ఫైల్లోకి వచ్చినట్టు. దాని బదులు ‘ఫీజు చెల్లింపు: ఉంది’ అని సెట్టింగుల్లో రాసి, కోర్ ఆ సెట్టింగునే అడిగేలా చేయండి.

సైటుని హోస్ట్ హెడర్ (రిక్వెస్టులో ఏ డొమైన్ కావాలో చెప్పే వరుస) బట్టి గుర్తిస్తారు. దాన్ని పంపేది బయటివాళ్లు, ఏ పేరైనా పెట్టి పంపగలరు. అందుకే చిన్న అక్షరాల్లోకి మార్చి, పోర్ట్ నంబరు తీసేసి, మీ డొమైన్ల జాబితాతో పోల్చండి. జాబితాలో లేకపోతే పేజీ ఇవ్వకండి. పాస్‌వర్డ్ మార్చుకునే లింకులో డొమైన్ పేరు సెట్టింగుల నుంచే రావాలి, హెడర్ నుంచి కాదు. లేదంటే దొంగ హోస్ట్ పేరుతో ఒకరు రిక్వెస్టు పంపితే, మీ వాడుకరికి మీ పేరుతోనే దొంగ లింకు వెళ్తుంది. మీ వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్ అయితే అందులో తెలియని పేర్లకి విడిగా డిఫాల్ట్ సర్వర్ బ్లాక్ పెట్టండి. పెట్టకపోతే ఆ పోర్టులో మొదట రాసిన సైటే వాటికి జవాబిస్తుంది.

ఆరూ ఒకేసారి మార్చకండి. ముందు ఒక చిన్న దుకాణం, ఆ వెంటనే దానికి బొత్తిగా పోలిక లేని వార్తల సైటు. ఆ రెండూ నడిచాకే ఏది నిజంగా ఉమ్మడో తెలుస్తుంది.

ప్రశ్న: అన్నిటికీ డేటాబేస్ ఒకటే ఉంచాలా, వేర్వేరుగానా?

జవాబు: ఆరింటికైతే వేర్వేరుగానే, ఒక్కోదానికి వేరే యూజర్‌తో. ఒకే డేటాబేస్‌లో ప్రతి క్వెరీకీ (డేటాబేస్‌ని అడిగే ప్రతి ప్రశ్నకీ) సైట్ ఐడీ షరతు పెట్టాలి. ఒక్కచోట మరిచినా ఒక బడి పిల్లల వివరాలు ఇంకో బడికి కనిపిస్తాయి. ఒక్క సైటునే పాత బ్యాకప్‌కి తిప్పాలన్నా విడిగా ఉంటేనే తేలిక. టేబుల్ మార్పులు ఆరుసార్లు చేయాలి కాబట్టి నంబర్లు వేసిన ఫైళ్లుగా రాసి, ఏవి అమలయ్యాయో ఆ డేటాబేస్‌లోనే నమోదు చేసే స్క్రిప్టు పెట్టుకోండి. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ మార్పుని రోల్‌బ్యాక్ చేయలేరు (మధ్యలో తప్పితే వెనక్కి తీసుకోలేరు), అందుకే ఫైలుకి ఒకే మార్పు. క్యారెక్టర్ సెట్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 ఉండాలి. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి 3 బైట్లు కాబట్టి పాత యూటీఎఫ్8లోనూ పడుతుంది, పరీక్షలో అంతా బాగానే కనిపిస్తుంది. 4 బైట్ల ఎమోజీ వచ్చిన రోజు ఆగిపోతుంది.

ప్రశ్న: మార్చాక ఒక దుకాణం హోంపేజీ అప్పుడప్పుడు మరో సైటులో కనిపిస్తోంది. క్రాన్ (పెట్టిన వేళకి పనులు తనంతట నడిపేది) పంపే ఈమెయిళ్లూ ఆగిపోయాయి.

జవాబు: మొదటిది కాష్ (తయారైన పేజీని మళ్లీ వాడడానికి దాచే చోటు) తప్పు. రెండు సైట్లూ పేజీ దాచడానికి ‘హోం’ అనే ఒకే కీ (గుర్తు పేరు) వాడుతున్నట్టున్నాయి. కీ ముందు సైటు పేరు చేర్చే పని కోర్‌లోని కాష్ క్లాసే చేయాలి, పేజీలు రాసేవాళ్ల జ్ఞాపకం మీద వదలకూడదు. ఎన్‌జిన్ఎక్స్ ప్రాక్సీ కాష్ (వెనక సర్వర్ ఇచ్చిన పేజీలను ఎన్‌జిన్ఎక్స్ దాచేది) వాడుతుంటే దాని కీ కూడా చూడండి. డిఫాల్ట్ కీలో ఉండేది వెనక సర్వర్ పేరు, పాఠకుడు టైప్ చేసిన డొమైన్ కాదు. హోస్ట్‌ని చేర్చండి.

క్రాన్‌లో హోస్ట్ హెడరే ఉండదు. సైటు పేరు కమాండ్‌తోపాటు ఇవ్వాలి. సైటుకో ప్రాసెస్‌గా నడపండి, ఒకటి పడిపోయినా మిగతావి ఆగవు.

ప్రశ్న: వార్తల శీర్షికలు కుదించినప్పుడు చివర అక్షరాలు విరిగిపోతున్నాయి.

జవాబు: పీహెచ్‌పీ మామూలు సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ బైట్లు లెక్కేసి కోస్తుంది. పేరు ముందు ఎంబీ ఉండే దాని రకం యూనికోడ్ గుర్తులు లెక్కేస్తుంది, అదీ చాలదు. ‘స్త్రీ’ ఒక్కటే 6 గుర్తులు, 18 బైట్లు. ఎంబీ రకంతో కావలసిన పొడవుకి కోసి, అక్కడి నుంచి వెనక్కి వెళ్లి చివరి ఖాళీ దగ్గర ఆపండి. పదం పూర్తిగా ఉంటే అక్షరం విరగదు.