కమ్యూనిటీ గ్యాలరీలో మొదటి గ్రూప్ షో: గోడ కొలవడం నుంచి బొమ్మలు దించేదాకా

మీరు అడిగింది ఇదీ: మీరు ఆరుగురు ఆర్టిస్టులు, కమ్యూనిటీ గ్యాలరీ రెండు వారాలకు గది ఇచ్చింది, అక్కడ సిబ్బంది లేరు, తగిలించడం, లైట్లు, అమ్మకం అన్నీ మీ మీదే పడ్డాయి, ఎక్కడ మొదలుపెట్టాలి అని. గోడ కొలవడంతో మొదలుపెట్టండి. ఎవరివి ఎన్ని బొమ్మలన్న మాట ఆ తర్వాతే ఎత్తండి. ఈ వరస తప్పిన చోటే గ్రూప్ షోల్లో మనస్పర్థలు వస్తాయి. తలా ఐదు తెస్తారు, గదిలో పద్దెనిమిదికే చోటుంటుంది, ఆరంభానికి ముందురోజు సాయంత్రం ఎవరి బొమ్మ తీసేయాలో తేలదు.

గది చూడ్డానికి టేపు, గళ్ళ కాగితం పట్టుకెళ్ళండి. ప్రతి గోడ పొడవు, ఎత్తు రాసుకోండి. స్విచ్ బోర్డులు, కిటికీలు, పైపులు, తలుపు రెక్క తెరుచుకునే మేర గుర్తుపెట్టండి. రెక్క వెనక పడే మూడడుగుల గోడ మీకు లేనట్టే లెక్క. గోడ ఇటుకదా, జిప్సమ్ బోర్డా? మేకులు కొట్టనిస్తారా, పైన ఉన్న పట్టాల నుంచి వేలాడదీయాలా? గోడ రంగు ఏ కంపెనీది, ఏ షేడు? తాళం ఎవరి దగ్గరుంటుంది? ఇవన్నీ ఆ రోజే అడగండి.

ఇంటికొచ్చాక లెక్క కట్టండి. గోడ 20 అడుగులు, అంటే 240 అంగుళాలు అనుకుందాం. ఐదు ఫ్రేముల వెడల్పు కలిపితే 150. మిగిలింది 90. బొమ్మల మధ్య నాలుగు ఖాళీలు, అటూ ఇటూ రెండు చివరలు, మొత్తం ఆరు. ఒక్కోటి 15 అంగుళాలు, హాయిగా ఉంటుంది. ఆ అంకె 8 కిందికి దిగితే నేనైతే ఒక బొమ్మ తీసేస్తాను. ఒకే సిరీస్‌కు చెందిన చిన్న బొమ్మలు వేరు. వాటిని రెండు మూడంగుళాల ఎడంతో ఒక గుంపుగా కట్టి, ఆ గుంపంతటినీ ఒకే బొమ్మగా లెక్కేసుకోవచ్చు. ఏది ఎక్కడన్న నిర్ణయం మాత్రం షోలో బొమ్మలు లేని ఒకరికి అప్పజెప్పండి. పక్కపక్కన ఏవి ఉంటే ఒకదాన్నొకటి చంపుకోవో బయటి కన్నుకే బాగా తెలుస్తుంది.

ఇక ఎత్తు. ఫ్రేముల పైఅంచులు కలపొద్దు, కింది అంచులూ కలపొద్దు. ప్రతి బొమ్మ నడిమధ్య నేల నుంచి ఒకే ఎత్తులో ఉండాలి. ఎక్కువమంది వాడేది 57 నుంచి 60 అంగుళాలు, నిలబడ్డ మనిషి చూపు సుమారుగా పడే చోటు. మొదటిసారి తగిలించేవాళ్ళు దాదాపు అందరూ అంతకన్నా పైకి కొడతారు, జనం మెడలెత్తి చూడాల్సొస్తుంది. కొక్కెం ఎక్కడ కొట్టాలో ఇలా తేల్చుకోండి: 57కి ఫ్రేము ఎత్తులో సగం కలపండి, అందులోంచి వెనక తీగ బిగుసుకున్నప్పుడు ఫ్రేము పైఅంచుకూ తీగకూ ఉన్న దూరం తీసేయండి. ఫ్రేము 30 అంగుళాలు, తీగ పైఅంచుకు 4 అంగుళాల కింద నిలిస్తే, 57 + 15 - 4 = 68. మేకు తలకాయ 68 దగ్గర కాదు, కొక్కెంలో తీగ కూర్చునే వంపు 68 దగ్గరికి రావాలి. చాలామందికి లెక్క తప్పేది ఇక్కడే, వరసలో ఒక్కో బొమ్మ అంగుళం తేడాతో ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. రెండు కొక్కేలు వాడుతుంటే తీగను రెండు వేళ్ళతో, ఆ కొక్కేల ఎడంలోనే లాగి కొలవండి. ఒక వేలితో లాగితే తీగ ఇంకా పైకి వచ్చి కొలత మారిపోతుంది.

రెండు కొక్కేలే వాడమని నా సలహా. ఒకే కొక్కెం మీద ఉన్న బొమ్మ, తలుపు గట్టిగా వేసినా, పిల్లలు ఆనుకున్నా పక్కకు వాలుతుంది. డీ రింగులను (తీగ కట్టడానికి ఫ్రేము వెనక బిగించే D ఆకారపు వలయాలు) ఫ్రేము పైనుంచి మూడో వంతు కిందికి, రెండు పక్కలా సమానంగా బిగించండి. తీగను వీణతీగలా బిగించొద్దు. ఒకే కొక్కేనికి తగిలించిన తీగ అడ్డంగీతకు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో కొస మీద పడే లాగుడు బొమ్మ బరువంత. 10 డిగ్రీలకు బిగిస్తే అది దాదాపు మూడు రెట్లవుతుంది. రింగులు ఊడొచ్చేది అందుకే. పెద్ద, బరువైన బొమ్మలకు తీగ మానేసి రెండు రింగులనూ నేరుగా రెండు కొక్కేలకు వేయండి. కింది మూలల్లో చిన్న రబ్బరు బిళ్ళలు అంటిస్తే బొమ్మ జారదు, వెనక గాలి ఆడుతుంది, గోడ చెమ్మ ఫ్రేముకు ఎక్కదు.

ఇటుక గోడకు డ్రిల్, వాల్ ప్లగ్గు, స్క్రూ. డ్రిల్ చేసే చోట ముందు మాస్కింగ్ టేపు అంటిస్తే పెచ్చులూడటం తగ్గుతుంది. జిప్సమ్ బోర్డులో మామూలు ప్లగ్గు నిలవదు. బోర్డు వెనక విచ్చుకునే యాంకర్లు కావాలి, లేదంటే లోపలి చట్రం పట్టుకుని దానికే బిగించాలి. అంటించే హుక్కులు బొమ్మలకు వద్దు. ఉక్కకూ దుమ్ముకూ అర్ధరాత్రి ఊడిపోతాయి.

లైటు గోడకు మరీ దగ్గరుంటే ఫ్రేము నీడ బొమ్మ మీద పడుతుంది, మరీ దూరమైతే చూసేవాళ్ళ నీడే పడుతుంది. నిలువుగీత నుంచి సుమారు 30 డిగ్రీల వాలు సరిపోతుంది. పైకప్పు 10 అడుగులుంటే లైటు గోడకు మూడడుగుల దూరంలో ఉండాలన్నమాట. అద్దం ఉన్న బొమ్మలకు కోణం కొంచెం మార్చి, ఎదురుగా నిలబడి మెరుపు పోయిందో లేదో చూసుకోండి. బల్బులన్నీ ఒకే రకం కొనండి, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటినవి, కాంతి రంగు చెప్పే కెల్విన్ అంకె అన్నిటికీ 3000 లేదా అన్నిటికీ 4000. ఒకటి పసుపు, ఇంకొకటి నీలం కొడితే పక్కపక్కనున్న రెండు బొమ్మల్లో ఏ తెలుపు నిజమో ఎవరికీ తెలియదు. నీటిరంగులు, కాగితం, బట్ట మీద పనులకు మ్యూజియంలు పాటించే హద్దు 50 లక్స్ (బొమ్మ మీద పడే వెలుతురు కొలత), తైలవర్ణాలకు సుమారు 200. మీ రెండు వారాల షోకి అంత కచ్చితం అక్కర్లేదు కానీ నీటిరంగుల బొమ్మను మాత్రం కిటికీ ఎండ పడే గోడకు పెట్టకండి.

తెచ్చేటప్పుడు జరిగే నష్టాలు ఎక్కువ. యాక్రిలిక్ పొర వేడికి మెత్తబడుతుంది. బబుల్ ర్యాప్ నేరుగా చుడితే బుడగల అచ్చులు పడతాయి, మళ్ళీ పోవు. ముందు గ్లాసీన్ కాగితం (రంగుకు అంటుకోని నున్నటి పల్చటి కాగితం), ఆపైన ర్యాప్, అదీ బుడగలు బయటికి ఉండేలా. మందంగా పూసిన తైలవర్ణం పైకి ఆరినట్టు కనిపించినా లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది, దాన్ని దేనికీ ఆనించొద్దు. బొమ్మలు నిలువుగా, ముఖం ముఖానికి, వీపు వీపుకి, మధ్యలో అట్ట పెట్టి తీసుకెళ్ళండి. కాగితం మీది పనులూ ఫోటోలూ అద్దానికి తగలకూడదు. చెమ్మకు అతుక్కుంటే విడదీయడం అసాధ్యం. మధ్యలో మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) ఉండేది అందుకే.

వీడియో పని ఉంటే ఇయర్‌ఫోన్లు పెట్టండి, లేకపోతే ఆ శబ్దం గదంతా ఆక్రమిస్తుంది.

లేబుల్ మీద ఆర్టిస్టు పేరు, బొమ్మ పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలతలు (ముందు ఎత్తు, తర్వాత వెడల్పు), ధర. ప్రింటైతే ఎన్నింటిలో ఎన్నోదో కూడా రాయండి. అక్షరం 18 పాయింట్లకు తగ్గొద్దు. అన్ని లేబుళ్ళూ బొమ్మకు ఒకే పక్క, ఒకే ఎత్తులో, రసమట్టం పెట్టి అంటించండి. బొమ్మలు సరిగ్గా ఉండి లేబుళ్ళు వంకరగా ఉంటే గది మొత్తం అశ్రద్ధగా కనిపిస్తుంది.

డబ్బు విషయం మాటల మీద వదలకండి. కమిషన్ ఎంత, కొన్నవాళ్ళు డబ్బు ఎవరికి కడతారు, ఆర్టిస్టుకు ఎన్ని రోజుల్లో చేరుతుంది, అమ్ముడైన బొమ్మ షో అయ్యేదాకా గోడ మీదే ఉంటుందా, ఒక పేజీ చాలు, ఆరుగురూ గ్యాలరీవాళ్ళూ సంతకం పెట్టాలి. భవనానికి బీమా ఉందంటే మీ బొమ్మలకూ ఉన్నట్టు కాదు, రాతపూర్వకంగా అడగండి. ప్రతి బొమ్మ ముందు, వెనక, నాలుగు మూలలు తెచ్చిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత ఎక్కడైనా గీత కనిపిస్తే అది పాతదో కొత్తదో వాదన లేకుండా తేలుతుంది.

ఆరంభోత్సవానికి జనం వస్తారు, దాని గురించి అంత బెంగ అక్కర్లేదు. ఆ తర్వాతి పదమూడు రోజులు గదిలో ఎవరు కూర్చుంటారన్నదే అసలు ప్రశ్న. తలుపు మీద రాసిన వేళకు గది మూసి ఉంటే ఆ వచ్చిన మనిషి రెండోసారి రాడు, మీకే కాదు, ఆ తర్వాత ఆ గదిలో షో పెట్టేవాళ్ళకూ నష్టమే. పూటకొకరు చొప్పున పేర్లు రాసి తగిలించండి. కూర్చున్నవాళ్ళు ఫోనులో తల దూర్చకుండా వచ్చినవాళ్ళను పలకరిస్తే, ఒక్కో బొమ్మ దగ్గర వాళ్ళు నిలబడే సమయం పెరుగుతుంది. ఊళ్ళో కొత్త కళకు చూసేవాళ్ళు తయారయ్యేది ఇలాంటి చిన్న గదుల్లోనే, ఇలాంటి మాటల వల్లే.

దించే రోజుకూ సగం పూట కేటాయించండి. ప్లగ్గులు లాగి, పుట్టీ నింపి, ఆరాక సన్న గరుకు కాగితంతో రుద్ది, మొదటిరోజు రాసుకున్న షేడుతో పూయండి. చుక్క పెట్టినట్టు కాక అంచులు చెదిరేలా రోలరు తిప్పితే మచ్చ తేలదు. పని పూర్తయ్యాక గోడల ఫోటోలు తీసి, తాళంతో పాటు గ్యాలరీవాళ్ళకు పంపండి.