పేపర్ క్లిప్ చాలు గానీ, ప్రైమర్ మాత్రం కొనుక్కోండి

ప్రశ్న: నమస్తే అన్నా, మేం డాలస్ దగ్గర ఉంటాం, గ్రీన్ కార్డ్ వచ్చి రెండేళ్ళయింది. పక్కింటి పెద్దాయనతో రేంజ్‌కి వెళ్ళీ వెళ్ళీ రీలోడింగ్ మీద పడ్డాను, అంటే పేల్చేసిన తూటాల ఇత్తడి గుల్లల్ని (కేసుల్ని) మళ్ళీ నింపి తూటాలు చేసుకోవడం. కేసుల్ని నొక్కే ప్రెస్సు, అచ్చుల్లాంటి డైలు ఆయన పాతవి ఇచ్చారు, మిగతావి ఇంట్లోనే చేసుకోవచ్చా? వాడేసిన ప్రైమర్లు (తూటా అడుగున ఉండి మందుకి నిప్పంటించే చిన్న మూతలు) మళ్ళీ నింపొచ్చని ఎవరో అన్నారు. సీసం కరిగించి బుల్లెట్లు (తూటా నుంచి ఎగిరివెళ్ళే మొన ముక్కలు) పోసుకోవాలని కూడా ఉంది. ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ప్రైమర్ సంగతి. వద్దు. దెబ్బ తగిలితే పేలడమే దాని పని, చేసేటప్పుడు ఆ దెబ్బ నీ వేళ్ళ మధ్య తగలదని ఎవరు చెప్తారు? 2020, 2021లో ప్రైమర్లు దొరక్క మేమందరం అల్లాడిపోయాం, అప్పుడు కూడా నేను షూటింగ్ తగ్గించుకున్నానే గానీ ఆ పని చెయ్యలేదు. పౌడరూ (కేసులో పోసే మందు) అంతే, సీల్ ఉన్న డబ్బా కొనుక్కో, ఇంకో డబ్బాలోకి మార్చకు, దేనికి ఎంత అనేది కంపెనీ మాన్యువల్లో చూసి అందులోని అతి తక్కువ లెక్క నుంచే మొదలుపెట్టు.

పట్టుకునే పనిముట్లు, చూసే పనిముట్లు మాత్రం హాయిగా చేసుకో. చెక్క ముక్కకి వరసగా కన్నాలు వేస్తే కేసులు నిలబెట్టుకునే లోడింగ్ బ్లాక్ రెడీ. పౌడర్ పోశాక యాభై కేసులూ అందులో నిలబెట్టి పైనుంచి టార్చ్ వేసి చూడు, ఒకదాంట్లో రెండుసార్లు పడినా అసలు పడకపోయినా అక్కడే కనిపించిపోతుంది, బుల్లెట్ కూర్చోబెట్టేశాక ఇంక కనిపించదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది పేపర్ క్లిప్. దాన్ని సాపు చేసి, చివర కొంచెం వంచి మొన పదును పెట్టు. రైఫిల్ కేసులోకి దించి అడుగు నుంచి గోడ వెంబడే మెల్లగా పైకి లాగు. ఒకసారి ఐదో లోడింగ్‌కి తీసిన .308 (ఓ రైఫిల్ తూటా సైజు) కేసుకి బయట అడుగు దగ్గర సన్నగా మెరిసే గీత కనబడింది, క్లిప్ పెట్టి లాగితే సరిగ్గా అక్కడే టక్కున తట్టుకుంది, అంటే లోపల ఇత్తడి పల్చబడిపోయి గాడి పడింది, ఇంకోసారి పేలిస్తే కేసు అక్కడే రెండు ముక్కలయ్యేది. ప్లయర్‌తో నొక్కేసి పారేశా. రూపాయి ఖర్చు లేని పనిముట్టు అది.

తూకం మాత్రం ఇంట్లో తయారు చేసుకునేది కాదు. పౌడర్‌ని గ్రెయిన్లలో తూస్తారు, 1 గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు కూడా ఉండదు, మంచి స్కేల్ కొను. అది సరిగ్గా ఉందో లేదో ఓ మాదిరిగా చూడాలంటే కొత్త నికెల్ కాసు (అమెరికా ఐదు సెంట్ల నాణెం) పెట్టు, దాని బరువు 5 గ్రాములు, అంటే 77 గ్రెయిన్లకి కాస్త పైన. అసలు చెక్ వెయిట్ కొంటే ఇంకా మంచిది.

ఇక సీసం. పాప కోసం గట్టిగానే చెప్తున్నా, ఇంట్లోనూ వద్దు గరాజ్‌లోనూ వద్దు, బుల్లెట్లు కొనుక్కో. కరిగిన సీసంలో నీటి చుక్క పడితే ఒక్కసారిగా ఆవిరై సీసం మొహమ్మీదకి ఎగురుతుంది. దానికంటే పిల్లలకి దుమ్మే ప్రమాదం, అది కంటికి కనపడదు. చాలా ప్రైమర్లలో కూడా సీసం ఉంటుంది, అందుకే వాడిన కేసుల్ని శుభ్రం చెయ్యడానికి నీళ్ళు లేని టంబ్లర్ డ్రమ్ములో తిప్పితే ఆ దుమ్ము ఇల్లంతా చేరుతుంది. నీళ్ళలో కడుగు, వంటగది సింక్‌లో మాత్రం కాదు. పని అయ్యాక చేతులు కడుక్కుని బట్టలు మార్చుకున్నాకే పాపని ఎత్తుకో.

సొంతానికి లోడ్ చేసుకుంటే ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మకానికి చేస్తే కావాలి. ఇది చదివే హెచ్1 వాళ్ళకో మాట, మీకు హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకపోతే తూటా దగ్గర పెట్టుకోవడమే నేరం, ఫ్రెండ్ ఇచ్చాడని ఇంటికి తెచ్చుకోకండి.

ప్రశ్న: మాది కరీంనగర్ సార్. తాతగారి లైసెన్స్ తుపాకీ ఉంది. అమెరికా నుంచి తమ్ముడొస్తున్నాడు, ఈ రీలోడింగ్ సామాను తెమ్మనొచ్చా?

జవాబు: వద్దండీ. తుపాకీ లైసెన్స్ తుపాకీకే. తూటా తయారు చెయ్యాలంటే 1959 ఆయుధాల చట్టం ప్రకారం వేరే లైసెన్స్ ఉండాలి, అది లేకుండా చేస్తే 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్ళు, గరిష్ఠంగా యావజ్జీవం. లైసెన్స్ ఉన్న షాపులోనే కొనండి. తమ్ముడికి ఇంకో మాట కూడా చెప్పండి, రేంజ్‌కి వాడే బ్యాగ్‌తో ఫ్లైట్ ఎక్కొద్దని. జేబు మూలలో మర్చిపోయిన ఒక్క తూటా స్కానర్‌లో పడి, ఊరెళ్ళాల్సిన వాళ్ళు ఎయిర్‌పోర్ట్ నుంచి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళిన కేసులు మన దేశంలో బోలెడున్నాయి.