తలుపు సెట్టింగులు నింపబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. కార్డు చూపితే తలుపు తెరిచే వ్యవస్థకు వైర్లు లాగడం, కార్డు చదివే రీడర్లు బిగించడం పూర్తయిందనీ, ఇక కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో తలుపుకూ సెట్టింగులు నింపడమే మిగిలిందనీ రాశావు. ఆ పని ఒక పూటలో ముగించవచ్చు కదా అని అడిగావు. అంత తొందరపడకమ్మా. ఈ వ్యవస్థ పనికొస్తుందో లేదో తేలేది ఆ చివరి పనిలోనే. తలుపులను నడిపించే ఖరీదైన కంట్రోలర్లు తెచ్చి, సెట్టింగులు మాత్రం పెట్టెలోంచి తీసినవి తీసినట్టే వదిలేసిన భవనాలు చాలా చూశాను. అక్కడ అలారం మోగితే కాపలావాళ్లు తల కూడా ఎత్తరు. నీ భవనానికి ఆ గతి పట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

సాఫ్ట్‌వేర్‌లో కొత్త తలుపును చేర్చగానే కొన్ని అంకెలు ముందే నిండి కనిపిస్తాయి. చాలా వాటిలో తాళం విడిచే సమయం 5 సెకన్లు, అలారం మోగకుండా తలుపు తెరిచి ఉండగలిగే సమయం 30 సెకన్లు అని ఉంటుంది. అది తయారీదారు వేసుకున్న అంచనా. నీ తలుపును వాళ్లు చూడలేదు. అందుకని అంకెలు ముట్టుకునే ముందు ప్రతి తలుపు దగ్గరికీ వెళ్లి, రాకపోకలు ఎక్కువగా ఉండే వేళలో కొంతసేపు నిలబడు. రీడర్ నుంచి తలుపు పిడి దాకా ఎన్ని అడుగులు నడవాలి? మనుషులు ఉత్త చేతులతో వస్తున్నారా, సామాను బండ్లు తోసుకుంటూ వస్తున్నారా? చేతికర్రతోనో చక్రాల కుర్చీలోనో వచ్చేవారున్నారా? వదిలేసిన తలుపు తనంతట తాను పూర్తిగా మూసుకుంటోందా, చివరి రెండు అంగుళాల దగ్గర ఆగిపోతోందా?

ఈ చివరి ప్రశ్నకు జవాబు దొరికాకే మిగతా పని మొదలుపెట్టు. తలుపును తనంతట మూసే డోర్ క్లోజర్‌కు సాధారణంగా రెండు మరలు ఉంటాయి. ఒకటి తలుపు మూసుకొచ్చే వేగాన్నీ, రెండోది చివరి కొద్ది అంగుళాల విసురునూ నియంత్రిస్తాయి. రెండోది బిగుసుకుపోతే తలుపు చట్రం దాకా వచ్చి ఆగుతుంది, తాళం పడదు. ఏసీ నడుస్తున్నప్పుడు గాలి ఒత్తిడి వల్ల తలుపు ఒకలా, ఆగినప్పుడు ఇంకోలా ప్రవర్తిస్తుంది కాబట్టి రెండు పరిస్థితుల్లోనూ చూడు. క్లోజర్ తప్పును ఏ సెట్టింగూ సరిదిద్దలేదు. అలారం సమయం పెంచుకుంటూ పోతే ఆ తప్పు కనబడకుండా పోతుంది, అంతే.

తాళం విడిచే సమయం విషయంలో నా లెక్క ఇది. నెమ్మదిగా నడిచే మనిషి కార్డు చూపించి, పిడి పట్టుకుని, తలుపు కదిలించడానికి ఎంత సమయం పడుతుందో దానికి ఒకటి రెండు సెకన్లు కలుపు. తలుపు దాటి అవతలికి వెళ్లేదాకా లెక్కించనక్కరలేదు. తలుపు కదిలితే చాలు, తాళం పని అయిపోయినట్టే. నడవడానికి ఇబ్బందిపడే ఒకరిద్దరి కోసం అందరికీ 15 సెకన్లు ఇవ్వకు. చాలా వ్యవస్థల్లో కొందరి కార్డులకు మాత్రమే అదనపు సమయం ఇచ్చే వీలుంటుంది. దాన్ని వాడు. ఆ గుర్తు పెట్టిన కార్డుకు తాళం సమయంతో పాటు తలుపు తెరిచి ఉంచే సమయం కూడా పెరుగుతోందో లేదో సరిచూడు.

దాని పక్కనే ఉండే మరో సెట్టింగును చాలామంది పట్టించుకోరు. తలుపు తెరుచుకోగానే తాళం మళ్లీ పడాలా, మూసుకున్నాక పడాలా అన్నది. స్ట్రైక్ తాళానికి, అంటే చట్రంలో ఉండి తలుపు గడియను పట్టి ఉంచే రకానికి, తెరుచుకోగానే పడేటట్టు పెట్టడం మేలు. ఒకరు రెండు సెకన్లలో లోపలికి వెళ్లిపోతే మిగిలిన మూడు సెకన్లు వెనకవాడికి దక్కకూడదు. కానీ బోల్టు ముందుకు పొడుచుకువచ్చే రకం తాళానికి అలా పెడితే, తెరిచి ఉన్న తలుపు నుంచి బోల్టు బయటికి వచ్చి, మూసుకునేటప్పుడు చట్రాన్ని గుద్దుతుంది. అలాంటి తలుపుకు పూర్తిగా మూసుకున్నాకే తాళం పడాలి.

ఇక అలారాలు. నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది వీటి గురించే. అలారం అంటే ఒక మనిషిని కుర్చీలోంచి లేపి తలుపు దాకా నడిపించే పిలుపు. రోజుకు వంద సార్లు అకారణంగా పిలిస్తే నూట ఒకటోసారి ఎవరూ రారు, ఆ నూట ఒకటోసారే దొంగ రావచ్చు. కాబట్టి ఒక్కో తలుపు నుంచి వచ్చే ప్రతి అకారణపు అలారాన్నీ వెంటాడి దాని మూలం కనుక్కో. మోత ఆపేసే బటన్ జోలికి వెళ్లకు. సామాను దించుకునే తలుపుకు 30 సెకన్ల పరిమితి పెడితే రోజంతా మోగుతూనే ఉంటుంది. అక్కడ పగటి వేళ రెండు మూడు నిమిషాలు ఇచ్చి, రాత్రికి తగ్గించు. సర్వర్ గది తలుపుకు 20 సెకన్లే ఎక్కువ. గడువు ముగియడానికి కొన్ని సెకన్ల ముందు తలుపు దగ్గరే చిన్నగా కూత వినిపించే ఏర్పాటు ఉంటే తప్పకుండా పెట్టు. చాలామంది ఆ కూత వినగానే తలుపు వదిలేస్తారు, కాపలాగదికి కబురే వెళ్లదు.

తలుపును బలవంతంగా తెరిచారు అనే అలారం వేరు. కార్డు చూపకుండా, ఎగ్జిట్ బటన్ నొక్కకుండా తలుపు తెరుచుకుంటే అది రావాలి. అదే పనిగా తప్పుగా వస్తుంటే నూటికి తొంభై పాళ్లు కారణం లోపలి వైపే ఉంటుంది. బయటికి వెళ్లేవాళ్లను గుర్తించే సెన్సర్ తలుపు దగ్గర మనిషిని ఆలస్యంగా పసిగడుతూ ఉండవచ్చు, లేదా పిడిలో ఉండే స్విచ్ వైరు ఊడి ఉండవచ్చు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. లోపలి నుంచి మామూలు పిడి తిప్పితేనే తెరుచుకునే తలుపు అయితే, పిడిలోని స్విచ్ అలారాన్ని ఆపితే చాలు, తాళాన్ని విడిపించనక్కరలేదు. విడిపించేటట్టు పెడితే, లోపల ఎవరో పిడిని తాకిన ప్రతిసారీ బయటి వైపు కూడా తాళం తెరుచుకుంటుంది. కరెంటుతో పనిచేసే అయస్కాంతం పట్టి ఉంచే మాగ్నెటిక్ లాక్ ఉన్న తలుపుకు మాత్రం తాళం విడవక తప్పదు, లేకపోతే మనిషి బయటికి రాలేడు.

మాగ్నెటిక్ లాక్ ప్రస్తావన వచ్చింది కాబట్టి తాళం రకం గురించి ఇక్కడే రాస్తాను. కరెంటు పోతే తెరుచుకునే తాళాన్ని ఫెయిల్ సేఫ్ అనీ, కరెంటు పోయినా మూసే ఉండేదాన్ని ఫెయిల్ సెక్యూర్ అనీ అంటారని నీకు తెలుసు. మాగ్నెటిక్ లాక్ ఎప్పుడూ మొదటి రకమే, దాని బలమంతా కరెంటులోనే ఉంది. స్ట్రైక్‌లు రెండు రకాలూ దొరుకుతాయి. మాగ్నెటిక్ లాక్‌ను రిలేలో, అంటే కంట్రోలర్ ఆజ్ఞతో కరెంటును కలిపే, తెంచే స్విచ్‌లో, మామూలుగా కలిసి ఉండే కాంటాక్టుకు, ఫెయిల్ సెక్యూర్ స్ట్రైక్‌ను మామూలుగా విడిపోయి ఉండే కాంటాక్టుకు కలుపుతారు. అది తారుమారైతే కార్డు చూపినప్పుడు తాళం పడి, మిగతా సమయమంతా తెరిచి ఉంటుంది. కొందరు వైరు మార్చే బదులు సాఫ్ట్‌వేర్‌లో రిలేను తలకిందులు చేసి పని కానిస్తారు. కంట్రోలర్‌కు కరెంటు పోయినప్పుడు ఆ సర్దుబాటు పనిచేయదు. వైరే మార్చించు.

బయటికి వెళ్లే దారిని సాఫ్ట్‌వేర్ దయకు వదలకు. దీని విషయంలో ఎవరు ఏం చెప్పినా తగ్గకు. ఎగ్జిట్ బటన్ నుంచి వైరు కంట్రోలర్‌కు మాత్రమే వెళ్లి, ఆ కంట్రోలర్ మొరాయిస్తే లోపల ఉన్న మనిషి చిక్కుకుపోతాడు. మాగ్నెటిక్ లాక్ ఉన్న తలుపుకు రెండు జతల కాంటాక్టులున్న బటన్ పెట్టించు. ఒక జత కంట్రోలర్‌కు సమాచారం ఇస్తుంది, రెండోది తాళానికి వెళ్లే కరెంటును నేరుగా తెంచుతుంది. సెన్సర్‌తో విడిచే తాళాల విషయంలో అమెరికాలో అనుసరించే ఎన్‌ఎఫ్‌పీఏ 101 అగ్నిభద్రతా నియమావళి ఇదే అడుగుతుంది. బటన్ నొక్కితే ఎలక్ట్రానిక్స్‌తో పని లేకుండా కరెంటు తెగాలి, కనీసం 30 సెకన్లు తాళం విడిచే ఉండాలి. నీ భవనానికి ఏ అగ్నిమాపక నిబంధన వర్తిస్తుందో తెలుసుకుని దాన్ని అక్షరాలా పాటించు. ఫైర్ అలారం ప్యానెల్ నుంచి వచ్చే రిలే కూడా తాళాల పవర్ సప్లైనే తెంచాలి. నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌కు సందేశం వెళ్లి, సర్వర్ తలుపులు తెరిచే పద్ధతిని అదనంగా ఉంచుకో, దాన్నే నమ్ముకోకు.

తలుపు సెన్సర్ అయస్కాంతంతో పనిచేసే చిన్న స్విచ్. దాన్ని కంట్రోలర్‌కు ఉత్త వైరుతో కలిపితే రెండే స్థితులు తెలుస్తాయి, తెరిచి ఉంది, మూసి ఉంది. ఎవరైనా ఆ రెండు వైర్లను కలిపేస్తే తలుపు ఎప్పటికీ మూసినట్టే కనిపిస్తుంది. సెన్సర్ దగ్గర కరెంటును కొంత అడ్డుకునే రెసిస్టర్లు వేసి, సాఫ్ట్‌వేర్‌లో ఆ ఇన్‌పుట్‌ను సూపర్‌వైజ్డ్‌గా మారిస్తే వైరు తెగినా, కలిసిపోయినా విడిగా తెలుస్తుంది. రెసిస్టర్లను కంట్రోలర్ పెట్టెలో వేస్తే ప్రయోజనం శూన్యం, అవి సెన్సర్ చివరనే ఉండాలి. వాటి విలువ సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకున్న విలువతో సరిపోవాలి.

పెట్టె తెరిచినప్పుడే తాళాల డయోడ్లు, అంటే కరెంటును ఒకే వైపు పోనిచ్చే చిన్న భాగాలు, చూడు. డీసీ తాళానికి కరెంటు ఆగిన క్షణాన కాయిల్ నుంచి ఎదురు తన్నే వోల్టేజి రిలే కాంటాక్టులను కాల్చేస్తుంది, ఒక్కోసారి అతికించేస్తుంది. అప్పుడు తెరమీద ఒక మాట, తలుపు దగ్గర మరో మాట. తాళంలోనే రక్షణ ఉందో, బయట డయోడ్ వేయాలో తయారీదారు కాగితంలో ఉంటుంది. వేస్తే తెల్ల గీత ప్లస్ వైపు రావాలి.

వేళల పట్టికల్లో మోసపోయే చోట్లు మూడున్నాయి. అర్ధరాత్రి దాటే షిఫ్టును చాలా కంట్రోలర్లు ఒకే విరామంగా తీసుకోవు. రాత్రి 10 నుంచి 12 దాకా ఒకటి, 12 నుంచి ఉదయం 6 దాకా ఇంకొకటి అని విడగొట్టాలి. రెండోది సెలవులు. ముఖద్వారం ఉదయం 9కి దానంతటదే తెరుచుకునేలా పెట్టి, సెలవుల జాబితా నింపకపోతే పండుగ రోజున ఖాళీ భవనం బార్లా తెరుచుకుని ఉంటుంది. ఆ జాబితాకు ఏడాదికోసారి కొత్త తేదీలు చేర్చే బాధ్యత ఎవరిదో ఇప్పుడే రాయించు. మూడోది, తొమ్మిదైనా సిబ్బంది ఇంకా రాని రోజు. అధికారమున్న మొదటి మనిషి కార్డు చూపాకే ఆ పట్టిక అమలయ్యే సెట్టింగు ఉంటుంది. ముఖద్వారానికి అది లేకుండా వదలకు. కంట్రోలర్ల గడియారాలన్నీ ఒకే సమయ సర్వర్‌ను అనుసరించాలని వేరే చెప్పనక్కరలేదు.

ఒకే కార్డుతో ఇద్దరు లోపలికి వెళ్లకుండా చూసే యాంటీ పాస్‌బ్యాక్‌ను యాజమాన్యం అడిగిందన్నావు. లోపలా బయటా రెండు వైపులా రీడర్ ఉన్న తలుపులకే దాన్ని పెట్టు. మొదట కొన్ని వారాలు ఉల్లంఘనను నమోదు చేసి, తలుపు మాత్రం తెరిచే పద్ధతిలో నడిపించు. ఫైర్ డ్రిల్ తర్వాత ఎవరు లోపల ఉన్నారో ఎవరు బయట ఉన్నారో లెక్క తప్పుతుంది, అందరి స్థితినీ ఒక్కసారి మళ్లీ సున్నా చేసే అధికారం కాపలాగదికి ఉండాలి.

రీడర్లు ఏ భాషలో మాట్లాడుతున్నాయో కూడా చూసుకో. రీడర్ నుంచి కంట్రోలర్‌కు కార్డు అంకెలు పంపే పాత వీగాండ్ పద్ధతిలో 26 బిట్ల కార్డుకు స్థల సంకేతం 255 దాకా, కార్డు సంఖ్య 65,535 దాకా మాత్రమే పోతుంది, వైరు మీద అంకెలు దాపరికం లేకుండా వెళ్తాయి. నీ రీడర్లు ఓఎస్‌డీపీ అనే కొత్త పద్ధతిని అందుకోగలవని రాశావు. అయితే అందులోని సురక్షిత మార్గాన్ని నువ్వే ఆన్ చేయాలి, అంకెలను రహస్యంగా మార్చే డిజిటల్ తాళపు చెవిని కొత్తగా మార్చాలి. మార్చకపోతే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అందరికీ తెలిసిన చెవితోనే నడుస్తుంది.

తలుపుల పేర్లు. ‘డోర్ 14’ అని రాయకు. అర్ధరాత్రి అలారం వస్తే కొత్తగా చేరిన కాపలా మనిషి కూడా పేరు చదివి నేరుగా అక్కడికి నడిచి వెళ్లగలగాలి. ‘రెండో అంతస్తు, ఉత్తరం మెట్లు, బయటి తలుపు’ అన్నట్టు పెట్టు.

సెట్టింగులన్నీ నింపాక ఒక్కో తలుపునూ మరొక మనిషి సాయంతో పరీక్షించు. ఒకరు తలుపు దగ్గర, ఒకరు తెర ముందు. చెల్లే కార్డు, చెల్లని కార్డు, వేళకాని వేళలో కార్డు చూపించు. తలుపును గడువు దాటేదాకా పట్టుకో. కార్డు లేకుండా తెరిచి చూడు. నెట్‌వర్క్ వైరు పీకి, కంట్రోలర్ ఒంటరిగా కార్డులను గుర్తుపడుతోందో చూడు. ఆ తర్వాత అసలు కరెంటు ఆపి బ్యాటరీ మీద ఎంతసేపు నిలబడుతుందో చూడు. చివరగా బ్యాటరీ కూడా విప్పేసి, లోపలి నుంచి ఖాళీ చేతులతో బయటికి రాగలవో లేదో ప్రతి తలుపు దగ్గరా నువ్వే స్వయంగా నడిచి చూడు. అగ్నిమాపక బాధ్యులను పిలిచి ఫైర్ ప్యానెల్ పరీక్ష వారి సమక్షంలో చేయించు.

ప్రతి తలుపుకూ ఒక కాగితం తయారుచెయ్యి. తాళం రకం, ఇచ్చిన సెకన్లు, ఆ అంకె ఎందుకు ఎంచుకున్నావో ఒక్క వాక్యం, పరీక్షించిన తేదీ ఉండాలి. రేపు ఎవరో వచ్చి ‘ఈ తలుపుకు మూడు నిమిషాలెందుకు’ అని తగ్గించబోతే ఆ ఒక్క వాక్యం వాళ్లను ఆపుతుంది. ఆ కాగితాలు పూర్తయ్యాక సామాను తలుపుదీ సర్వర్ గది తలుపుదీ నాకు పంపించు, అంకెలు చూసి రాస్తాను.

నీ మామయ్య